మా అన్నకు నచ్చని పెట్టెలు

తాళి కట్టే నిమిషంలో పన్నెండడుగుల ఎల్‌ఈడీ తెర మీద పెళ్లికూతురి మెడ కనిపించాలి. ఆ రోజు ఎమ్మిగనూరు కల్యాణమండపంలో కనిపించింది మాత్రం మా లాప్‌టాప్‌లోని చెత్తబుట్ట బొమ్మ. దాని పక్కన వరసగా పాత పెళ్లిళ్ల ఫోల్డర్లు. వాటి మధ్య మౌస్ బాణం మంద తప్పిన గొర్రెపిల్లలా అటూ ఇటూ తిరిగింది. అది దారికి వచ్చేసరికి మూడు ముళ్లూ పడిపోయాయి, అక్షింతలు చల్లడం కూడా అయిపోయింది. పెళ్లికొడుకు మేనమామ తీరిగ్గా మా బల్ల దగ్గరికి వచ్చి, "తాళి కట్టినారా లేదా, మీ టీవీలో సూసి సెప్పప్పా" అన్నాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను. మౌస్ పట్టుకున్నది మా అన్న, ఆ రోజే ఆయన్ను మొదటిసారి బల్ల దగ్గర కూర్చోబెట్టాను. ఆయనా తల వంచుకునే ఉన్నాడు కానీ సిగ్గుతో కాదు, ఇంకా ఆ బాణం కోసమే వెతుకుతున్నాడు.

నా పని లైవ్ మిక్సింగ్. పెళ్లిలో మూడు కెమెరాలు పెడతాం. మూడింటి బొమ్మలూ వైర్ల మీద లాప్‌టాప్‌లోకి వస్తాయి. ఏ నిమిషాన ఏ బొమ్మ పెద్ద తెర మీదికి పోవాలో, ఒకదాన్నుంచి ఇంకొకదానికి ఎంత మెల్లగా జారాలో బల్ల దగ్గర కూర్చున్నవాడు చూసుకోవాలి. తొమ్మిదేళ్లుగా నేను మౌస్‌తోనే లాక్కొస్తున్నాను. కానీ మౌస్‌కు ఒక పాడు గుణం ఉంది. బాణాన్ని కంటితో వెంటాడితే తప్ప అది పనిచేయదు. కన్ను బాణం వెంట పోతే ఇక పెళ్లి చూసేదెవరు?

అన్నకు యాభై ఒకటో ఏడు. పదమూడో ఏట గుంత మగ్గంలోకి కాళ్లు దించినవాడు, రెండేళ్ల కిందటి వరకు తీయలేదు. దుప్పట్లు నేసేవాడు. పనిచ్చేవాళ్లు ఒక్కొక్కరే నూలు ఇవ్వడం మానేశాక మగ్గం ఆగింది. ఆగిన మగ్గం ముందు గదిలో అలాగే ఉంది, దాని మీద వదిన ఉతికిన బట్టలు మడిచి పెడుతుంది. అన్న నాతో పెళ్లిళ్లకు రావడం మొదలుపెట్టాడు. వైర్లు పరుస్తాడు, కార్యం అయ్యాక చుడతాడు. మా ఇద్దరి ఇళ్లకూ మధ్య గోడ ఒకటే కాబట్టి ఆయన ఎన్ని రోజులు మౌనంగా అన్నం తిన్నాడో నాకు తెలుసు.

ఆ పెళ్లి జరిగిన కార్తీకంలోనే వదిన తమ్ముడు బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు. అక్కడ అపార్ట్‌మెంట్లకు వాచ్‌మన్లను పెట్టే మేస్త్రీ అతను. ఒక గేటు దగ్గర చోటు ఖాళీగా ఉంది, పెద్దబావ వస్తే గది కూడా ఇస్తారని చెప్పాడు. మాఘం ముహూర్తాలు అయ్యేలోపు ఏదో ఒకటి చెబుతానన్నాడట అన్న. అంటే నాకు అర్థమైంది ఒకటే. మాఘంలోపు ఆయన బల్ల దగ్గర కూర్చుని మిక్సింగ్ చేయగలిగితే మాతో ఉంటాడు. లేకపోతే నేతగాడైన మా అన్న ఎవరిదో గేటు తీస్తూ, ఎవరి కారుకో సెల్యూట్ కొడుతూ ముసలివాడవుతాడు. ఆ ఊహే నాకు గిట్టలేదు. పైగా మాఘంలో ఒకే రోజు ఆదోనిలో ఒకటీ, ఎమ్మిగనూరులో ఒకటీ పెళ్లిళ్లు పడతాయి. రెండో బల్ల దగ్గర కూర్చునే మనిషి నాకు నిజంగానే కావాలి.

చెత్తబుట్ట పెళ్లి తర్వాత నాకు తట్టిన ఉపాయం మిడి కంట్రోలర్. మీటలున్న పెట్టె అది. వైరుతో లాప్‌టాప్‌కు తగిలించాలి. దానిలోంచి బొమ్మ రాదు, శబ్దం రాదు. ఏ మీటను ఎంత జరిపామో లాప్‌టాప్‌కు చెబుతుంది, అంతే. ఒక్కో మీటకు ఒక్కో కెమెరాను అప్పజెప్పితే ఇక మౌస్‌తో పని లేదు. అన్నకు దగ్గరి చూపు మందగించింది. అద్దాలు ఉన్నాయి గానీ, తెర చూడాలంటే తీయాలి, లాప్‌టాప్ చూడాలంటే పెట్టాలి. పెట్టీ తీసీ ఆయనకూ విసుగు, చూసి చూసి నాకూ విసుగు. చేత్తో తడుముకునే మీటలైతే ఆ బాధ ఉండదని నా లెక్క.

ఏ పెట్టె కొనాలో తెలుసుకుందామని ఫోన్‌లో వీడియోలు చూశాను. వారం చూశాను. ఎక్కడెక్కడి దేశాలవాళ్లో చీకటి గదుల్లో కూర్చుని, నల్ల చొక్కాలు వేసుకుని, ఇది తీసుకోండి అది తీసుకోకండి అని గంటల తరబడి చెప్పారు. ఒక్కడి వెనకా వైరు తొక్కి నిలబడ్డ పెళ్లిపెద్ద లేడు. ఒక్కడినీ ఎవరూ వచ్చి మా చిన్నాయనను ఒకసారి తెర మీద చూపించు అని అడగలేదు. వాళ్ల సలహా నా పెళ్లిళ్లకు ఎలా పనికొస్తుంది? ఫోన్ పక్కన పడేసి బస్సెక్కి ఆదోని పోయాను.

ఆదోనిలో వాయిద్యాలమ్మే అంగడాయన మిడి అనగానే లోపలికి పోయి ఒకటి తెచ్చాడు. అందులో హార్మోనియంలాగా తెలుపూ నలుపూ మెట్లు రెండు వరసలు, పైన ఎనిమిది గుండ్రటి తిప్పుడు మీటలు. నాకు మెట్లు వద్దు, నాది వీడియో పని అన్నాను. మిడి అంటే మెట్లుంటాయి, మెట్లు లేనిది మిడి కాదు, ఈ చుట్టుపక్కల నీకు ఇంతకంటే దొరకదు అని ఆయన ఖండితంగా చెప్పాడు. ఆయన కంఠం విని నేనూ నమ్మాను. అమ్మేవాడు గట్టిగా మాట్లాడితే కొనేవాడు సరుకు చూడడు, అది నా జబ్బు.

దాన్ని కౌతాళం పెళ్లికి పట్టుకుపోయాం. అక్కడ సగంమంది కన్నడం, సగంమంది తెలుగు. బల్ల మీద మెట్ల పెట్టె చూసి అందరూ పాటకచేరీ ఉందనుకున్నారు. పెళ్లికూతురి తాత కర్ర పొడుచుకుంటూ వచ్చి అన్న ముందు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. "స్వల్ప వాయించప్పా, విందాం" అన్నాడు. ఇది వాయించేది కాదు తాతా అని అన్న నాలుగుసార్లు చెప్పాడు. మరి వాయించకుండా ఎందుకు పెట్టుకున్నావని తాత అడిగాడు. తాత ఆఖరికి తానే చెయ్యి చాచి రెండు మెట్లు నొక్కాడు. పాట రాలేదని పెదవి విరిచి వెళ్లిపోయాడు.

ఇంటికొచ్చాక ఎలా ఉందన్నాను. అన్న తిప్పుడు మీటను రెండు వేళ్లతో పట్టుకుని కాసేపు తిప్పాడు. గుండ్రంగా తిరిగేదాంట్లో సగం ఎక్కడో తన చేతికి తెలియడం లేదని, చూస్తే గానీ తెలియకపోతే మౌస్ ఏం పాపం చేసిందని అన్నాడు. మెట్లు పిల్లలకివ్వు అని కూడా అన్నాడు. నేను పెట్టెను చంకన పెట్టుకుని మళ్లీ బస్సెక్కాను. అంగడాయన పెట్టె వాపసు తీసుకున్నాడు గానీ, వీడియోవాళ్లకు సంగీతం విలువ తెలియదని నా ముఖం మీదే అన్నాడు.

రెండో పెట్టెను ఆన్‌లైన్‌లో తెప్పించాను. దాని నిండా చదరంగం గళ్లలాగా అరవై నాలుగు బొత్తాలు, ఒక్కోదానికి ఒక్కో రంగు దీపం. నిజం చెప్పాలంటే అది అన్న కోసం కొన్నది కాదు, పెళ్లివాళ్ల కోసం కొన్నది. మా పక్క ఒక రివాజు ఉంది. అద్దె మాట్లాడడానికి వచ్చినవాళ్లు మనం తీసిన పని చూడరు, బల్ల మీద సామాను చూస్తారు. పెట్టె ఎంత పెద్దదైతే, ఎన్ని దీపాలు వెలిగితే పనివాడు అంత గొప్పవాడు. పెద్దకడుబూరులో ఒకసారి నా ఒంటరి లాప్‌టాప్‌ను చూసి, మెషిన్ వెనకాల బండిలో వస్తాందా అని అడిగారు. అప్పటినుంచి నాకు ఆ మంట ఉంది.

రంగుల పెట్టె వదినకు బాగా నచ్చింది. సంక్రాంతికి దేవుడి పటం ముందు పెడదామా అని అడిగింది. కానీ మార్గశిరంలో అదే పెద్దకడుబూరులో పట్టపగలు షామియానా కింద దాన్ని తెరిస్తే ఒక్క దీపం కనిపించలేదు. మిట్టమధ్యాహ్నపు ఎండలో అరవై నాలుగు బొత్తాలూ ఒకే బూడిద రంగు. వేళ్లకూ అన్నీ ఒకటే, నున్నగా, పలకలాగా. తలంబ్రాలు పోసుకుంటుంటే తెర మీద మూడో కెమెరావాడి చెప్పులు కనిపించాయి. పెళ్లిపెద్దలు నన్నేమీ అనలేదు. అంతంత దీపాలున్న మెషిన్ తప్పు చేయదని వాళ్ల నమ్మకం, కావాలనే ఏదో కొత్త పద్ధతిలో చూపించామనుకున్నారు. అన్న మాత్రం పెట్టెను అట్టడబ్బాలో పెట్టి నాకిచ్చి, ఇది దీపావళికి పనికొస్తుందన్నాడు.

రెండు పెట్టెలు, రెండు వంకలు. నాకు లోలోపల ఒక అనుమానం మొదలైంది. ఈయనకు ఉండాలని ఉందా, లేదా? బెంగళూరు పోవడానికి సాకు కావాలి, ఆ సాకు నా చేత కొనిపిస్తున్నాడా? అనుకున్నకొద్దీ ఆయన ప్రతి మాటా నాకు అలాగే వినిపించింది. ఆయన టీ తాగుతూ రోడ్డు వైపు చూసినా, అదిగో బెంగళూరు బస్సు వైపు చూస్తున్నాడని కుతకుత ఉడికాను.

పుష్యం వచ్చింది. ముహూర్తాలు లేవు, నెలంతా ఖాళీ. ఈసారి చిన్నాచితకా కాదు, మంచిదే చూపిద్దామని బళ్లారిలో నాలాంటి పని పెద్ద ఎత్తున చేసే ఒకాయన్ను బతిమాలి వాళ్ల పెట్టెను రెండు రోజులకు తెచ్చాను. దానిలో నిలువు గీతల్లో పైకీ కిందికీ జారే మీటలు, ఫేడర్లంటారు. వాటికి లోపల మోటార్లు. లాప్‌టాప్‌లో బొమ్మ మారిస్తే, ఇక్కడ మీట దానంతట అదే జారి సరైన చోట నిలబడుతుంది. నేను దాన్ని చూసి మురిసిపోయాను. అన్న ఎదుట పెట్టి, ఇక చూడు అన్నట్టు ఒక్క బొత్తాం నొక్కాను. ఎనిమిది మీటలూ సర్రున పైకి లేచాయి.

అన్న చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"నేను జరపకుండానే పోతాందే. ఇది పవర్‌లూమ్ గదరా."

నాకు ఎక్కడ లేని కోపం వచ్చింది. ఇది పవర్‌లూమ్ కాదు, మోటారున్నదల్లా పవర్‌లూమ్ కాదు, మిక్సీలోనూ మోటారుంది, వదిన దాంట్లో చట్నీ చేస్తే నువ్వు తింటావు కదా అన్నాను. అన్న నా వైపు చూడకుండా పెట్టె వైరు ఊడదీసి పక్కన పెట్టాడు. అది నన్ను ఇంకా రెచ్చగొట్టింది. మెట్లుంటే మెట్లు వద్దు, దీపాలుంటే దీపాలు వద్దు, దానంతటదే కదిలితే కదలడం వద్దు, ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది, నీకు పోవాలని ఉంటే పో, నా చేత ఊళ్లు తిప్పించి పోవద్దు అన్నాను. అంతా అనేశాక గానీ నేనేమన్నానో నాకు వినపడలేదు. అన్న లేచి చొక్కా తొడుక్కుని బయటికి పోయాడు.

వదిన వంటింటి గడపలోంచి అంతా విన్నది. ఆమె గొంతు పెంచలేదు.

"మూడు డబ్బాలు తెచ్చినావు. ఆయప్పకు ఏం కావాలో ఒక దినమన్నా అడిగినావా?"

అడగలేదు. కౌతాళం తాతకు ఏం కావాలో తెలుసుకున్నాను, అద్దె మాట్లాడేవాళ్ల కంటికి ఏం కావాలో తెలుసుకున్నాను, చీకటి గదుల్లో కూర్చున్న పరదేశులకు ఏం కావాలో వారం రోజులు విన్నాను. మా అన్నను మాత్రం ప్రతిసారీ అన్నీ అయిపోయాక, ఎలా ఉందని అడిగాను. సిగ్గేసింది. ఆ సిగ్గును ఒప్పుకోవడం ఇష్టంలేక ఇంకో పూట కోపంగానే ఉన్నాను.

మరుసటి రోజు పొద్దున అడిగాను. అన్న మాటలతో చెప్పలేదు. మగ్గం మీది బట్టల మడతలు తీసి మంచం మీద పెట్టి, గుంతలోకి దిగి కూర్చున్నాడు. పడుగు లేదు, నూలు లేదు. ఉత్త మగ్గం మీదే చెయ్యి అటు లాగాడు, ఇటు లాగాడు, కళ్లు మాత్రం గుడ్డ ఉండాల్సిన చోటనే ఉన్నాయి.

"కన్ను గుడ్డ మీదుండాల. సెయ్యి సూడకుండానే పోవాల. పోయినాక యాడ నిలిచిందో సెయ్యికే తెలియాల. నేను ఇడిసిన కాడనే అది ఉండాల. అంతే అప్పా."

పక్కన పడి ఉన్న పెళ్లిపత్రిక వెనకాల రాసుకున్నాను. నిలువుగా జారే మీటలు. మధ్యలో వేలు పట్టేంత సందు. మోటారు వద్దు. దీపం అక్కర్లేదు. మెట్లు అసలే వద్దు. రాసినదాన్ని చదువుకుంటే కడుపు మండింది. అలాంటి పెట్టెను మొదటి రోజే ఫోన్‌లో చూశాను. అన్నిటికంటే చవకది, ఇటుకరాయిలో సగం ఉంటుంది, నల్లగా, ఏ వేషమూ లేకుండా. దీన్ని బల్ల మీద పెడితే కాలిక్యులేటర్ అనుకుంటారని వేలితో పైకి తోసేశాను. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే.

దాన్నే తెప్పిస్తే నాలుగో రోజుకు వచ్చింది. ఎనిమిది మీటలు. అన్న దాన్ని ఒళ్లో పెట్టుకుని, తెర వైపు చూస్తూ, ఆ చివర నుంచి ఈ చివరకు వేళ్లు పోనిచ్చాడు. మూడోది కావాలంటే మొదటినుంచి లెక్కపెట్టుకుంటూ రావాల్సి వస్తోందన్నాడు. మళ్లీ వంక! నేను పళ్లు కొరుకుతుంటే ఆయన లేచి, అటక మీది నుంచి దుప్పటి నూలు కండె ఒకటి తీశాడు. మొదటి మీటకు ఒక ముడి, రెండోదానికి రెండు, మూడోదానికి మూడు వేసి కట్టాడు. మీటలు మరీ తేలిగ్గా జారుతున్నాయని వాటి మెడకు కూడా నూలు చుట్టాడు. చుట్టాక బిగువు ఎంతుండాలో అంత వచ్చింది, విడిచిన చోట నిలబడింది. ఇక దాన్ని చూస్తే మెషిన్‌లా లేదు, తాయెత్తులు కట్టిన పసిపిల్లలా ఉంది. ఎవరైనా అద్దె మాట్లాడడానికి వస్తే తువ్వాలు కప్పుదామని మనసులో అనుకున్నాను.

మిగిలిన పుష్యమంతా ఇంట్లోనే సాధన. ఒక కెమెరా వీధి మీద, ఒకటి మగ్గం మీద, ఒకటి వంటింట్లో వదిన జొన్నరొట్టెలు కొడుతుండగా. తెర బదులు ముందు గదిలో టీవీ. అన్న అద్దాలు లేకుండా టీవీనే చూస్తూ మీటలు జరిపేవాడు. వదిన చెయ్యి పిండి మీద పడే దెబ్బకు సరిగ్గా బొమ్మ మారేది. రొట్టె మాడితే అది కూడా ఊరికి చూపిస్తావా అని ఆమె లోపలినుంచి కసిరేది. నేర్పడానికి నేను పక్కన కూర్చున్నాను గానీ, పది రోజులకే నేర్పడానికి ఏమీ మిగల్లేదు. అయినా నా అనుమానం పోలేదు. ఇంత బాగా చేసి కూడా ఉంటానని ఒక్క మాట అనడేం? నేను అడగలేదు. అడిగితే పోతానంటాడని భయం.

మాఘంలో మొదటి పెళ్లి ఆదోనిలో పడింది. పెద్ద పెళ్లి, పగటి ముహూర్తం. ఆ పెళ్లికి బల్ల అన్నకు, కెమెరాలూ తెరా నాకు అని నిర్ణయించాను. పొద్దున్నే బండిలో సామాను ఎక్కిస్తూ చూస్తే పెట్టె లేదు. లోపలికి పోతే దేవుడి పటం ముందు ఉంది. వదిన దానికి పూజ చేసింది. మగ్గానికి చేసినట్టే, సాంగంగా. ఎనిమిది మీటలకూ పసుపు, ఎనిమిది మీటల మీదా కుంకుమ, చుట్టూ విభూతి పట్టెలు. పైన టెంకాయ కొట్టి ఆ నీళ్లు కూడా చిలకరించింది. నేను పరుగెత్తి తీసి చూస్తే గీతల సందుల్లో కుంకుమ ముద్ద కట్టుకుని ఉంది. మూడో మీట సగంలో బిగుసుకుపోయింది.

నేను ఏమన్నానో ఇక్కడ రాయలేను. వదిన మాత్రం చెక్కుచెదరలేదు. పూజ చెయ్యని పనిముట్టు అన్నం పెట్టదు, నీ మొదటి మూడు డబ్బాలకూ పూజ చెయ్యలేదు, అవేం పెట్టినాయి అంది. అన్న గంజి పెట్టే కుంచెతో సందులన్నీ ఊడ్చాడు. ఏడు మీటలు కదిలాయి, మూడోది కదల్లేదు. నేను లాప్‌టాప్ సంచిలోంచి మౌస్ తీశాను. ఇక దీంతోనే కానిద్దాం, బల్ల దగ్గర నేనే కూర్చుంటానన్నాను. అన్న నా చేతిలో మౌస్ వైపు కూడా చూడలేదు. మూడో మీటకున్న నూలు విప్పి, ఎనిమిదోదానికి మూడు ముళ్లు వేశాడు. తెగిన పోగు పక్కన పెట్టి ఇంకోటి కలుపుకోవడం ఆయనకు కొత్త కాదు. మూడో కెమెరాను ఎనిమిదో మీటకు అప్పజెప్పమని నాతో చెప్పాడు. అప్పజెప్పాను.

మండపంలో నేను తెర పక్కన ఉన్నాను, అన్న బల్ల జనానికి ఆవల. తాళి టైముకు ఎప్పుడూ జరిగేదే జరిగింది. ముందు వరసల్లో ఉన్నవాళ్లంతా ఫోన్లు పైకెత్తి వేదిక మీదికి ఎక్కారు. మొదటి కెమెరాకు వీపులు తప్ప ఏమీ కనిపించడం లేదు. రెండో కెమెరాకు పెళ్లికొడుకు చేతులు, తాళి మాత్రం అందుతున్నాయి. ముఖాలు లేవు. మూడో కెమెరావాడు పక్కనుంచి ఎలాగో దూరి పెళ్లికూతురి ముఖం పట్టాడు. రెండు వెయ్యి, కాదు మూడు వెయ్యి అని నేను హెడ్‌సెట్‌లో అరిచాను. అన్న వింటున్నాడో లేదో తెలియదు. తెర మీద మెల్లగా తాళి పట్టుకున్న చేతులు వచ్చాయి. అవి అలా ఉండగానే వాటి వెనకనుంచి పెళ్లికూతురి ముఖం తేలి వచ్చింది. సగం చేతులు, సగం ముఖం. సరిగ్గా సగంలో నిలిపాడు. మూడు ముళ్లూ పడేదాకా అలాగే ఉంచాడు. ఫోన్లెత్తినవాళ్లు ఒక్కొక్కరే దించి వెనక్కి తిరిగి తెర చూశారు.

నాకు ముందు కలిగింది గర్వం కాదు, అసూయ. తొమ్మిదేళ్లలో ఒక్క తాళీ నేను అలా చూపించలేదు. తర్వాత గర్వం వచ్చింది, ఆ వెంటనే భయం వచ్చింది. ఇప్పుడు ఈయన్ను బెంగళూరు పోనిస్తే నా అంత వెధవ ఉండడు. భోజనాల వేళ పక్కకు పోయి వదిన తమ్ముడికి ఫోన్ చేశాను. పొద్దున బండిలో వస్తూ మనసులో కట్టుకున్న ఉపన్యాసం మొత్తం అప్పజెప్పాను. అన్న పనితనం గురించి, ఆయన మర్యాద గురించి, ఆ గేటు దగ్గర చోటును దయచేసి ఇంకెవరికైనా ఇచ్చుకొమ్మని, ఏమీ అనుకోవద్దని. అతను అంతా విని నవ్వాడు.

"ఏం బావా, పెద్దబావ కార్తీకంలోనే రానని సెప్పినాడు గదా. ఆ గేటు కాడ వేరే మనిషిని పెట్టి మూడు నెల్లాయ. మా అక్కకూ తెలుసు."

నేను తిన్నగా మండపంలోకి పోయాను. అన్న కింద కూర్చుని మోచేతికి వైరు చుట్టుకుంటున్నాడు. రానని ఎప్పుడు చెప్పావని అడిగాను. నువ్వు ఆ వాయించే డబ్బా తెచ్చిన దినమే అన్నాడు, చుట్టడం ఆపకుండా. నాకు ఒళ్లు మండిపోయింది. అంత ముందే ఉండాలని అనుకున్నవాడివి, మరి మూడు నెలలు ప్రతి పెట్టెకూ ఒక వంక పెట్టి నన్నెందుకు ఏడిపించావు, ఏదో ఒకటి బాగుందని అంటే నీ సొమ్మేం పోయేది అని అరిచినంత పని చేశాను.

అన్న చుట్టడం ఆపి నా వైపు చూశాడు.

"పోయేవాన్నయితే మొదటి డబ్బానే శానా బాగుందని సెప్పి పోతాంటి. కూర్చునేవాన్ని కాబట్టే వంకలు పెట్టినా."

నేను ఆయన పక్కన నేల మీద కూలబడ్డాను. పోతాడు పోతాడని మూడు నెలలు నేను విన్న ప్రతి వంకా, ఉంటానని ఆయన చెబుతున్న మాటే. అది తెలియక ఆ మనిషిని పో అన్నాను.